దీపాలార్పని సంత

అనగనగా ఒక ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు. ఇద్దరిదీ దూడల బేరమే. కొనడం, నాలుగు రోజులు మేపడం, ధర వస్తే అమ్ముకోవడం. ఆ ఊరి సోమవారం సంత చీకటి పడగానే ఎత్తేసేవారు. కొన్నాళ్లకి పెద్ద రోడ్డు పక్కన కొత్త సంత వెలిసింది. దానికి సెలవు లేదు, రాత్రి లేదు, పండగ లేదు. ఏ వేళ వెళ్లినా దీపాలు వెలుగుతూనే ఉంటాయి, ధర చెప్పేవాడు కేకలు వేస్తూనే ఉంటాడు.

సంక్రాంతి దగ్గరపడింది. అన్నదమ్ముల దగ్గర చెరి రెండు దూడలున్నాయి. ధర తొమ్మిది వందలు. భోగికి ముందు రోజు కొనేవాళ్లంతా ఇళ్లకు పోయాక, పొరుగూరి ఆసామి ఒకడొచ్చి, బేరమాడే ఓపిక లేక వెయ్యి రూపాయలిచ్చి ఒక దూడని తోలుకుపోయాడు. జరిగింది ఒక్క బేరమే. అయినా దీపం కింద పలక మీద వెయ్యి అని రాశారు. ఆ అంకె ఊరంతా పాకింది.

అన్న ఆ ధరకి ఒక దూడని అమ్మేశాడు. వెయ్యి వస్తే ఒకటి వదిలెయ్యాలని కొన్ననాడే అనుకున్నాడు. రెండోదాన్ని నమ్మకమైన దళారికి అప్పగించి, "తొమ్మిది వందలకి దిగితే నన్నడగొద్దు, అమ్మెయ్. పండగ మూడు రోజులూ నేను సంతకి రాను" అన్నాడు.

తమ్ముడి ఆలోచన వేరు.

"అన్నా, కనుమ దాటేసరికి పదకొండొందలవుతుంది చూడు."

"అవుతుందేమోరా. ఈలోపు ఏమవుతుందో నాకు తెలీదు. అందుకే సగం అమ్మాను."

తమ్ముడు షావుకారు దగ్గరికెళ్లి, తన రెండు దూడల్నీ తాకట్టు పెట్టి ఆరు వేలు అప్పు తెచ్చి, ఇంకో ఆరు దూడల్ని కొన్నాడు. మొత్తం ఎనిమిది. షావుకారు పెట్టిన షరతు ఒక్కటే: "ధర ఎనిమిది వందలకి దిగితే నీకు కబురు కూడా పెట్టను. మందంతా అక్కడికక్కడే అమ్మి నా అప్పు తీసుకుంటాను." తమ్ముడు సరేనన్నాడు. ఎనిమిది వందలన్నది ఆ పూట అతనికి ఎక్కడో దూరంగా కనిపించింది.

భోగి తెల్లవారింది. ఎన్నో ఏళ్ల తర్వాత అక్క పిల్లలతో పుట్టింటికొచ్చింది. ఇంటి ముందు మంట, లోపల అరిసెల వాసన. అందరూ మంట చుట్టూ ఉంటే తమ్ముడొక్కడూ వీధి మొగలో నిలబడి, సంత వైపు నుంచి వచ్చే ప్రతి కుర్రాణ్ణీ ధర అడుగుతున్నాడు. మేనకోడలు వచ్చి చెయ్యి పట్టుకు లాగింది. "ఉండమ్మా, వస్తున్నా" అన్నాడుగానీ కదల్లేదు.

ఆ రాత్రి దూరదేశం నుంచి ఒక వర్తకుడు నలభై దూడల్ని తోలుకొచ్చాడు. తెల్లారేలోగా అతనికి డబ్బు కావాలి. మామూలు రోజైతే సంతలో అరవై మంది కొనేవాళ్లుంటారు. ఆ నలభై దూడలూ గంటలో చేతులు మారిపోయేవి. ఆ రాత్రి ఉన్నది నలుగురు. మొదటి దూడ తొమ్మిది వందల ఎనభైకి పోయింది. తర్వాతది తొమ్మిది వందల యాభైకి. ఆ తర్వాత తొమ్మిది వందలకి కూడా అడిగే దిక్కు లేకపోయింది. అన్న చెప్పినట్టే దళారి అమ్మబోయాడు. కొనేవాడు దొరికేసరికి ధర ఎనిమిది వందల ఇరవై. తర్వాత ఎనిమిది వందలు. షావుకారు మనిషి లేచి తమ్ముడి మందని విప్పాడు. ఎనిమిది దూడలు ఒక్కసారిగా దిగేసరికి ధర ఇంకా కుంగి ఏడు వందల యాభైకి తెగాయి. వచ్చింది సరిగ్గా ఆరు వేలు. షావుకారు అప్పు తీరింది.

కబురు అందేసరికి తమ్ముడు బంతిలో కూర్చున్నాడు. విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యైనా కడుక్కోకుండా పరిగెత్తాడు. అక్కడ ఖాళీ గుంజలే ఉన్నాయి.

కనుమ వెళ్లింది. కొనేవాళ్లు తిరిగొచ్చారు. రెండు రోజుల్లో దూడ ధర పదకొండు వందలు. అన్న తన దగ్గరున్న వెయ్యీ ఎనిమిది వందల ఇరవైతో మళ్లీ ఒక దూడని కొన్నాడు, కొంత చేతిలో ఉంచుకున్నాడు. తమ్ముడు చెప్పిన ధర అక్షరాలా నిజమైంది. అతని దగ్గర మాత్రం ఒక్క దూడా లేదు.

నీతి: ధర ఎటు పోతుందో సరిగ్గా ఊహించినా సరే, కొనేవాళ్లు ఇళ్లకు పోయిన రోజుల్లో అప్పు మీద నిలబడ్డవాడు నిలవలేడు. ఎంత పెట్టాలి, ఎక్కడ దిగిపోవాలి అన్నది పండగకి ముందే, మనసు కుదుటగా ఉన్నప్పుడే తేల్చుకోవాలి.

ఇది కట్టుకథే అయినా, దీనికి అచ్చమైన జోడు 2020 నవంబరులో జరిగింది. అమెరికాలో థ్యాంక్స్‌గివింగ్‌కి ముందు బిట్‌కాయిన్ 19 వేల డాలర్లు దాటి, 2017 డిసెంబరు నాటి రికార్డుకి చేరువైంది. పండగ రోజు, నవంబరు 26న, 17 వేల దిగువకు పడింది. నవంబరు 30న పాత రికార్డునే దాటేసింది. ఆ వారం "పెరుగుతుంది" అన్నవాళ్ల మాట నిజమే. కానీ పది రెట్ల లీవరేజ్, అంటే అప్పు మీద పొజిషన్, తీసుకున్నవాడి మార్జిన్ (సొంత సొమ్ము), ధర 10 శాతం పడేలోపే హరించుకుపోతుంది. ఎక్స్ఛేంజి అతన్ని అడగదు, లిక్విడేట్ చేస్తుంది. ఆ బలవంతపు అమ్మకాలే ధరని ఇంకా కిందికి తొక్కి, పక్కవాడి పొజిషన్‌ని కూడా లాగేస్తాయి.

షేర్ మార్కెట్‌కి తలుపుంది. దీపావళి నాడు ముహూర్త్ ట్రేడింగ్ పేరుతో గంటసేపు తెరిచి మూసేస్తారు. బిట్‌కాయిన్ లాంటి క్రిప్టోకి ఆ తలుపు లేదు గనుక ఎవరి తలుపు వాళ్లే వేసుకోవాలి. మా పిల్లల వయసు కుర్రాళ్లు పండగపూట అమ్మ వడ్డిస్తుంటే ఫోన్‌లోకి చూస్తూ ముద్ద కలపడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఊరికి బస్సెక్కే ముందే లీవరేజ్ పొజిషన్లు మూసెయ్యండి. ఉంచుకున్న కాయిన్లకి స్టాప్ ధర పెట్టండి. అన్న దూడకి జరిగినట్టు అది మీరు పెట్టిన ధరకన్నా కిందనే తెగవచ్చు, ఆ నష్టాన్ని కూడా ముందే లెక్కలో వేసుకోండి. యాప్ నోటిఫికేషన్లు ఆపెయ్యండి.

అసలు ప్రమాదం పండగ మర్నాడు ఉంటుంది. పోయింది రాబట్టాలని రెట్టింపు పెట్టడం అప్పుడే మొదలవుతుంది. మన దేశంలో దానికి ఇంకో దెబ్బ తోడవుతుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను; ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసెయ్యడానికి వీల్లేదు. అదే ఏడాది జులై నుంచి అమ్మకం విలువ మీద 1 శాతం టీడీఎస్ కూడా ఉంది. అంటే భోగి నాడు లక్ష పోగొట్టుకుని, కనుమ నాడు వేరే కాయిన్‌లో లక్ష సంపాదించినవాడు పోయింది తిరిగొచ్చిందనుకుంటాడు. ఆ రెండో లక్ష మీద 30 వేలు, దానిపై సెస్సు అతను కట్టాల్సిందే.