సెంట్రింగ్ విప్పని రోజులు

నొప్పి రూపాయి బిళ్ళంత మేర ఉండేది. ఎడమ కాలికి ముందు వైపు, చర్మం కిందే తగిలే ఎముక మీద, చీలమండకు జానెడు పైన. మొదట్లో తొమ్మిదో కిలోమీటరు దగ్గర పలకరించి, ఇంటికొచ్చి స్నానం చేసేసరికి మాయమయ్యేది. రెండు వారాలకు నాలుగో కిలోమీటరుకే వచ్చింది. తర్వాత మెట్లు దిగేటప్పుడు. చివరికి ఒక రాత్రి పక్క మీద, కాలు కదపకుండానే. ఎముక ఇంత ఓపిగ్గా, ఇంత వరసగా చెప్పుకొచ్చింది. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ పెట్టుకుని, జూన్‌లో కాలు చెప్పే మాట వినే తీరిక నాకెక్కడిది?

ఫిజియోథెరపిస్టు అక్కడ బొటనవేలితో నొక్కగానే ఎగిరిపడ్డాను. "నొప్పి ఎక్కడంటే ఒక్క వేలితో చూపించారు చూడండి సర్, అందుకే ఎముక మీద అనుమానం" అందామె. ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఆ ఆనందం రెండు రోజులే. ఎమ్మారైలో దొరికిపోయాను. స్ట్రెస్ ఫ్రాక్చర్. పడలేదు, గుద్దుకోలేదు, ఎవరూ కొట్టలేదు. పరుగెత్తాను, అంతే.

ఈ బీటకు పాత చరిత్రే ఉంది. 1855లో బ్రైట్‌హాప్ట్ అనే ప్రష్యన్ సైనిక వైద్యుడు, కవాతు చేసిన సిపాయిల పాదాలు దెబ్బేమీ తగలకుండానే వాచి నొప్పెట్టడం గమనించి రాసిపెట్టాడు. ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో. అంటే సుమారు నలభై ఏళ్ళ పాటు ఆ నొప్పి ఉంది, బీట మాత్రం ఎవరి కంటికీ కనపడలేదు. కనపడని నొప్పితో కవాతు చేసిన ఆ సిపాయిలను ఎంతమంది సోమరులని తిట్టి ఉంటారో! వాళ్ళకు కనీసం పైవాడి ఆజ్ఞ ఉంది. నాకు ఆజ్ఞ ఇచ్చింది ఎవరు? నా చేతికున్న గడియారమే.

ఎముకంటే రాయి లాంటిదని అనుకునేవాణ్ణి. కాదట. అది నిత్యం మరమ్మతు జరిగే ఇల్లు. బరువు పడ్డ చోట ముందు కూల్చేవాళ్ళు దిగుతారు. పాత ఎముకను తవ్వి పారేయడానికి వాళ్ళకు దాదాపు మూడు వారాలు. వెనక కట్టేవాళ్ళు వస్తారు. వాళ్ళ పని పూర్తవడానికి మూడు నెలలు పైమాటే. ఈ రెంటి నడుమ ఆ చోటు ముందుకన్నా బలహీనంగా ఉంటుంది. బలం పుంజుకోవడానికి మొదలైన పనే కొన్నాళ్ళు బలం తగ్గిస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మనం "బాగానే ఉన్నాను, ఇంకో అయిదు కిలోమీటర్లు కలుపుదాం" అంటాం.

ఇది విన్నప్పుడు నాకు తెనాలిలో మా ఇంటి స్లాబు గుర్తొచ్చింది. అప్పుడు నాకు పదేళ్ళు. స్లాబు పోసిన మర్నాడే ఎక్కి గెంతితే గట్టిగానే ఉంది. "ఇంకా ఎందుకు ఈ కర్రలు?" అని అడిగితే మేస్త్రీ నవ్వాడు. పైన మట్టితో మడులు కట్టించి, పొద్దునా సాయంత్రం నీళ్ళు నింపే పని నాకు అప్పగించాడు. మూడు వారాలు దాటాకే సెంట్రింగ్ విప్పాడు. తొందరపడి బరువు పెట్టినా బీటలిస్తుంది, నీళ్ళు పెట్టకుండా ఎండలో వదిలేసినా బీటలిస్తుంది. పదేళ్ళప్పుడు ఇంత తెలిసిన నేను, నలభై ఏడేళ్ళకు నా కాలి సెంట్రింగ్ నేనే పీకేసుకున్నాను.

ఏం చేశానో లెక్క చూస్తే దాచడానికేమీ లేదు. వారానికి 35 కిలోమీటర్లు పరుగెత్తేవాణ్ణి, అయిదు వారాల్లో 60కి తీసుకెళ్ళాను. ఊళ్ళో ఫ్లైఓవర్లు ఎక్కువని అదే సమయంలో ఎత్తులెక్కే సాధన కూడా మొదలుపెట్టాను. పది కిలోమీటర్లకు పదివేల పైచిలుకు అడుగులు. అడుగడుక్కీ నేల మన బరువుకు రెండు మూడింతలు తిరిగి వడ్డిస్తుంది. దూరమూ ఎత్తూ ఒకేసారి పెంచితే ఆ వడ్డన ఎవరు తింటారు? పేరు పొందిన మారథాన్ వీరులు కూడా తమ సాధనలో అయిదింట నాలుగు వంతులు హాయిగా మాట్లాడుకోగలిగిన వేగంలోనే చేస్తారు. నేను 'తేలిక' రోజున కూడా పక్కవాడి మడమల మీదే కన్నేసి ఉరికాను. దానికి తోడు, బరువు తగ్గితే వేగం పెరుగుతుందని రాత్రి రెండు పుల్కాలు, పొద్దున్నే ఉత్త కాఫీ. చేసే శ్రమకు సరిపడా తినకపోతే ఎముకకు కూడా కరువొస్తుందని, 2014లో ఒలింపిక్ కమిటీ దానికొక పేరే పెట్టిందని తర్వాత తెలిసింది. మేస్త్రీలను పెట్టి సిమెంటు ఇవ్వకపోవడమన్నమాట.

ఫోన్లో అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. "పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని పెద్దలు ఊరికే అన్నారట్రా!"

కాదనలేకపోయాను. కానీ నిలబడి నీళ్ళు తాగినవాళ్ళ కథ కూడా ఒకటుంది. 1966లో అమెరికాలోని డాలస్‌లో అయిదుగురు ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళను మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. శరీరం ప్రాణవాయువును వాడుకోగల గరిష్ఠ శక్తి సగటున పావు వంతుకు పైగా పడిపోయింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ అయిదుగుర్నే మళ్ళీ పరీక్షిస్తే, ముప్ఫై ఏళ్ళ వయసు చేసిన నష్టం ఆ మూడు వారాల మంచం చేసినదానికన్నా తక్కువే! దెబ్బ తగిలితే విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం అనే సూత్రాన్ని 1978లో తన పుస్తకంలో ఇచ్చిన డాక్టర్ గేబ్ మిర్కిన్, 2014లో తనే మాట మార్చుకున్నాడు. ఐసూ, పూర్తి విశ్రాంతీ మానడాన్ని ఆలస్యం చేయొచ్చని రాశాడు. తన పేరు నిలబెట్టిన మాటను తనే దిద్దుకోవడానికి ఎంత కాలిబలం కావాలో!

అన్నిటికన్నా నాకు ఇష్టమైన కథ హొకన్ ఆల్ఫ్రెడ్‌సన్‌ది. స్వీడన్‌లో ఎముకల డాక్టరు, తనూ పరుగెత్తేవాడే. మడమ వెనకుండే అకిలిస్ స్నాయువు నొప్పితో విసిగి ఆపరేషన్ చేయమంటే, పైడాక్టరు ఒప్పుకోలేదు. అది తెగితేనైనా చేస్తారు కదా అని, మెట్టు అంచున నిలబడి బరువేసుకుని మడమను కిందికి దించడం మొదలుపెట్టాడు. రోజురోజుకీ నొప్పి పెరగాలని ఎదురుచూశాడు. కొన్ని వారాలకు నొప్పే పోయింది! దాన్నే పద్ధతిగా మార్చి, రోజుకు 180 సార్ల చొప్పున 12 వారాలు పదిహేను మంది చేత చేయించి 1998లో ప్రకటించాడు. పదిహేను మందీ మళ్ళీ పరుగులోకి దిగారు. తెంచుకుందామని పెట్టిన బరువే మందైంది.

ఈ కథ చదివిన ఉత్సాహంలో నేనూ మెట్టెక్కబోతే ఫిజియోథెరపిస్టు ఆపేసింది. "అది స్నాయువు సర్, కాస్త నొప్పిని ఓర్చుకుంటూ చేయిస్తాం. మీది ఎముక. దీంట్లో ఓర్చుకోవడం లేదు. నొప్పి సున్నా ఉండాలి. చేసేటప్పుడూ, ఆ రాత్రీ, మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడూ."

అక్కడే నాకు కళ్ళు తెరుచుకున్నాయి. ఓర్పు అంటే నొప్పిని పంటి కింద పెట్టుకోవడమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మన ఊళ్ళలో మెచ్చుకునేదీ ఆ ఓర్పునే. ఆ మెప్పు స్నాయువుకు కొంత పనికొస్తుంది, ఎముకకు చేటు. ఒకే కాలులో, నాలుగు వేళ్ళ దూరంలో, రెండు ధర్మాలు! ఎక్కడ భరించాలో, ఎక్కడ భరించకూడదో తెలియని ఓర్పు మొండితనమే.

పైగా ఒంట్లో అందరూ ఒకే వేగంతో ఎదగరు. గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే దారికొస్తాయి. కండరం ఆ వెనకే వస్తుంది. స్నాయువు, ఎముక నెలల మీద గాని కదలవు. ఆయాసం తగ్గింది కదా అని నేను ఉరికింది గుండె మాట విని. అలిపిరి మెట్లెక్కే కుటుంబంలో కుర్రాళ్ళు ముందే గాలిగోపురం చేరి కూర్చుంటారు. నాయనమ్మ మెట్టు మెట్టుకూ పసుపు, కుంకుమ పెట్టుకుంటూ వస్తుంది. ఆ కుటుంబం కొండెక్కిందని ఎప్పుడంటాం? నాయనమ్మ వచ్చాకే.

ఏడు వారాలు పరుగు లేదు. తీరికగానూ లేను. నడుముకు బెల్టు కట్టుకుని ఈతకొలనులో నీళ్ళలోనే పరుగు, సైకిలు, తుంటికీ పిక్కకూ బలమిచ్చే కసరత్తులు, కడుపునిండా అన్నం, ఎనిమిది గంటల నిద్ర. మడుల్లో నీళ్ళు పెట్టడమంటే ఇదే. కష్టమల్లా ఆదివారం పొద్దున నాలుగున్నరకు అలవాటుగా మెలకువ రావడం. గ్రూపులో ఫోటోలు, మెడల్ ఉన్న మెడలు. వాళ్ళ మీద అసూయ కన్నా నా మీద నాకు జాలి ఎక్కువ కలిగేది. పరుగెత్తని నేను ఎవరు? బ్యాంకులో కూర్చుని సంతకాలు పెట్టే ఒక మధ్యవయసు మనిషిని. ఆ మనిషి నుంచి పారిపోవడానికే ఇన్ని కిలోమీటర్లు పెంచానా అని ఒక రాత్రి అనుమానం వచ్చింది. దానికి ఎమ్మారై లేదు. ఆ అనుమానాన్ని అలాగే ఉంచుకున్నాను.

ఆ ఆగస్టు మారథాన్ వెళ్ళిపోయింది. ఆ మరుసటి ఆదివారం పరుగు మొదలుపెట్టమంది ఫిజియోథెరపిస్టు. ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాల నడక, ఆరు సార్లు. అంతకన్నా ఒక్క అడుగు వద్దంది.

కేబీఆర్ పార్కు చుట్టూ ఎర్ర పొద్దు. మొదటి నిమిషం గాలిలో తేలినట్టుంది. కాలు బాగుంది, ఊపిరి బాగుంది, ఎక్కడా నొప్పి లేదు. గడియారం కూసింది. నొప్పి వచ్చి ఆగడం నాకు తెలుసు. ఏ నొప్పీ లేకుండా, ఇంకా పోగలనని తెలిసీ, ఆగడం ఎప్పుడూ చేయలేదు. అరికాలు నేల మీద పెట్టి నడకలోకి దిగడానికి అరవయ్యో సెకనులో నేను పడ్డ కష్టం ఏ ఫ్లైఓవర్ మీదా పడలేదు.

పక్క నుంచి ఒక కాలేజీ కుర్రాడు దూసుకెళ్తూ వెనక్కి తిరిగి నవ్వాడు. "ఏం అంకుల్, అప్పుడే అయిపోయిందా?"

"ఈ నిమిషానికి అయిపోయింది నాన్నా" అన్నాను, నడుస్తూనే.