మూర్ఛ ఉందా అని అడిగే హక్కు ఎవరిది?

భిక్షువుగా ఉపసంపద తీసుకోబోయే మనిషిని సంఘం కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. నీకు కుష్ఠు ఉందా, క్షయ ఉందా, అపమారం ఉందా అని. అపమారం అంటే మూర్ఛ, మనం ఫిట్స్ అంటాం. ఉందంటే ఉపసంపద ఇవ్వరు. ఇది వినయ పిటకంలో ఉన్న సంగతే, దాచుకోవాల్సిన పని లేదు. సమానత్వం కోసం ధమ్మంలోకి వచ్చిన మనకి ఇది చదివితే మనసు కలుక్కుమంటుంది. కలుక్కుమనాలి కూడా.

అయితే ఈ నియమం ఎందుకు పుట్టిందో కూడా అక్కడే ఉంది. మగధలో ఐదు రకాల జబ్బులు బాగా ప్రబలాయి. జీవకుడు బింబిసారుడికీ, బుద్ధుడికీ, భిక్షుసంఘానికీ వైద్యుడు. బయటివాళ్ళని చూసే తీరిక ఆయనకి లేదు. దాంతో జనం వైద్యం కోసమే చీవరం కట్టుకోవడం, నయం కాగానే విడిచేయడం మొదలుపెట్టారు. జీవకుడు వెళ్ళి బుద్ధుడికి మొరపెట్టుకున్నాడు. నియమం అలా వచ్చింది. జబ్బు పాపమని కాదు, మనిషి అంటరానివాడని అంతకన్నా కాదు. ఉన్నది ఒక్క వైద్యుడు, వచ్చేవాళ్ళు లెక్కలేనంతమంది. ఆ కారణం పోయాక నియమాన్ని ఎలా చూడాలో బాబాసాహెబ్ శిష్యులకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ పాత సంగతి ఇప్పుడెందుకంటే, ఇదే ప్రశ్న ఇవాళ మన పిల్లల్ని గుమ్మం గుమ్మం దగ్గర ఆపుతోంది. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళొచ్చి సొంత కాళ్ళ మీద నిలబడదామనుకునే పిల్లల్ని. హాస్టల్లో, ఉద్యోగంలో, పెళ్ళిచూపుల్లో. ఏ గుమ్మం దగ్గర ఆ ప్రశ్న న్యాయం? దానికి జవాబు చెప్పాల్సింది ఎవరు?

ముందు కర్మ సంగతి తేల్చేద్దాం. దీక్ష తీసుకున్న ఇళ్ళల్లో కూడా పిల్లకి ఫిట్స్ రాగానే తాయెత్తు దగ్గరికీ, పూర్వజన్మ దగ్గరికీ పోతున్నారు. సంయుత్త నికాయంలో సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి నేరుగా అడిగాడు, మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనా అని. బుద్ధుడు పైత్యం, శ్లేష్మం, వాతం, రుతువుల మార్పు, జాగ్రత్త లేకపోవడం, దెబ్బలు అంటూ ఎనిమిది కారణాలు చెప్పాడు. కర్మ అందులో ఒకటి మాత్రమే. అంతా కర్మేననేవాళ్ళది తప్పన్నాడు. బాబాసాహెబ్ అయితే ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ గ్రంథంలో పూర్వజన్మ కర్మ సిద్ధాంతాన్నే తోసిపుచ్చారు. మూర్ఛ అంటే మెదడులో విద్యుత్ సంకేతాలు కాసేపు అదుపు తప్పడం. పుట్టేటప్పుడు ఊపిరి అందకపోవడం, తలకి దెబ్బ, మెదడువాపు, ఇలా ఎన్నో కారణాలు. మన దేశంలో బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోయి, పిల్లపురుగులు మెదడుకి చేరడం ఒక పెద్ద కారణం. పంది మాంసం తినేవాళ్ళ రోగమని మనల్ని వేలెత్తి చూపిస్తారు గానీ, ఆ గుడ్లు వచ్చేది మనిషి మలం కలిసిన నీళ్ళ నుంచి, సరిగ్గా కడగని కూరల నుంచి. ముక్క ముట్టనివాళ్ళకీ వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. సరైన మందులు సరిగ్గా వాడితే వాళ్ళలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చు.

ఇక గుమ్మాల సంగతి. డ్రైవింగ్ లైసెన్స్ ఫారంలో మూర్ఛ ఉందా అని అడుగుతారు. ఆటో మీదా లారీ మీదా బతికే ఇళ్ళకి ఇది చేదు మాట. అయినా ఆ ప్రశ్న న్యాయమే, ఎందుకంటే రోడ్డు మీద ఇంకొకరి ప్రాణం ఉంది. అక్కడ అబద్ధం రాస్తే మొదటి శీలమూ పోతుంది, నాలుగో శీలమూ పోతుంది. కానీ కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగానికీ, బడిలో పాఠం చెప్పే ఉద్యోగానికీ ఫిట్స్ ఉన్నాయని తీసుకోకపోవడానికి ఏ కారణం చూపిస్తారు? కారణం చూపించలేనప్పుడు అది అంటరానితనానికి ఇంకో పేరే.

పెళ్ళి దగ్గర మన తప్పే ఎక్కువ. హిందూ వివాహ చట్టం బౌద్ధులకీ వర్తిస్తుంది (ఆ పేరు మనకి రుచించకపోయినా). అందులో మూర్ఛ ఉన్నవాళ్ళ పెళ్ళికి ఉన్న అడ్డంకిని 1999లో తీసేశారు. చట్టం తీసేసింది గానీ మనం తీసేయలేదు, దాచిపెట్టి చేస్తున్నాం. దాచిన పెళ్ళిలో ఏం జరుగుతుందో చూడండి. కొత్త కోడలు అత్తగారి ముందు మాత్ర వేసుకోలేదు. నాలుగు రోజులు మానేస్తుంది. మాత్ర ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అప్పుడు నింద ఎవరి మీద? అబద్ధం చెప్పింది పెద్దవాళ్ళు, శిక్ష ఆ పిల్లకి. చెప్పాలా వద్దా, ఎప్పుడు చెప్పాలి అన్నది ఆ అమ్మాయిని అడిగి తేల్చుకోవాలి. చాలా ఇళ్ళల్లో ఆ అమ్మాయిని తప్ప అందర్నీ అడుగుతారు.

అన్నిటికన్నా గట్టి గుమ్మం మన ఇల్లే. డిగ్రీ అయిన అమ్మాయి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటానంటుంది. “రాత్రిపూట వస్తే ఎవరు చూస్తారే?” అంటుంది తల్లి. ఆ భయం ఉత్తది కాదు. అరుదుగానే అయినా, నిద్రలో వచ్చిన ఫిట్స్‌తో ప్రాణం పోయినవాళ్ళు ఉన్నారు. ఆ తల్లిని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. కానీ ఆమె ఎల్లకాలం ఉండదు కదా. కరుణ అంటే ఎదుటివాళ్ళ దుఃఖం తగ్గించడం. మన భయం తగ్గించుకోవడానికి వాళ్ళని గదిలో కూర్చోబెడితే దానికి కరుణ అనే పేరు చెల్లదు. ఎదిగిన మనిషికి తెలిసి తెలిసి కొంత ప్రమాదాన్ని ఒప్పుకునే హక్కు ఉంది. మనం చేయాల్సింది ఆ ప్రమాదాన్ని తగ్గించడం. వేళకి మాత్ర, కంటినిండా నిద్ర, మందుకి దూరం. బాత్రూంలో లోపల గడియ వేసుకోకుండా తలుపు దగ్గరకి వేసుకోవడం, హాస్టల్లో కింది మంచం అడగడం.

గదిలో ఉండే స్నేహితురాలికి ఒక్క సాయంత్రం నేర్పితే చాలు. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తనిది పెట్టాలి, గట్టిగా పట్టుకుని అదమకూడదు, నోట్లో ఏమీ పెట్టకూడదు, 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, చెప్పు వాసన చూపించడం దేనికీ పనికిరావు. మామూలు రోజుల్లో ముట్టుకోని చెప్పుని ఆ ఒక్క నిమిషం ముక్కు దగ్గర పెడతారు!

ఇదంతా పద్దెనిమిది నిండిన రోజు ఒక్కసారిగా రాదు. పదిహేను, పదహారేళ్ళ నుంచే మాత్రల డబ్బా పిల్లల చేతికి రావాలి. ఏ మాత్ర, ఎంత మోతాదు, ఎప్పుడు మొదలైంది అన్నది వాళ్ళకి కంఠతా రావాలి. ఆడపిల్లలైతే వాల్‌ప్రోయేట్ గురించి డాక్టర్ని అడగాలి. గర్భంలో బిడ్డకి హాని చేసే మందు అది. అలాగని సొంతంగా ఆపకూడదు, మార్చాల్సింది డాక్టరే. ఈ మాట అమ్మ పక్కనుంటే చాలామంది అమ్మాయిలు అడగలేరు.

అందుకని ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఓపీ చీటీ పిల్ల చేతికే ఇవ్వండి. డాక్టరు అలవాటు కొద్దీ మీ వైపు చూసి “ఎలా ఉంది?” అని అడుగుతారు. మీరు మీ అమ్మాయి వైపు చూడండి. కాసేపటికి బయటికొచ్చి బెంచీ మీద కూర్చోండి.