కీటకాహార మొక్కల పోషణలో హింసావిచారం

ఒక ప్రాణిని మరొక ప్రాణికి ఆహారంగా అందించే చేతికి హింసాదోషం అంటుతుందా అన్న ప్రశ్న భారతీయ ధర్మచింతనలో ఎంతో పాతదే అయినా, వీనస్ ఫ్లైట్రాప్, నెపంథిస్ వంటి కీటకాహార మొక్కలను ఇళ్లలో పెంచుకునేవారికి, వీధిలో దోమల మందు పొగ కొట్టే రోజుల్లో అది కొత్త చిక్కుతో ఎదురవుతుంది. మందు తాకి నేలపడిన ఈగను ఏరి మొక్కకు పెడితే, ఎలాగూ పోయిన ప్రాణమే గదా అని సరిపెట్టుకోవడం సులువు. ఆ సమాధానం విచారణకు నిలవదు.

జైన దర్శనం జీవులను ఇంద్రియాల సంఖ్యను బట్టి విభజించి, స్పర్శజ్ఞానం ఒక్కటే గల వృక్షజాతిని ఏకేంద్రియ జీవులుగా, స్పర్శతోపాటు రుచి, వాసన, చూపు కూడా గల ఈగలను చతురింద్రియ జీవులుగా పరిగణిస్తుంది కాబట్టి, కీటకాహార మొక్క దగ్గర కింది మెట్టు జీవి పైమెట్టు జీవిని భక్షిస్తున్నట్టవుతుంది. అయినా ఆ మొక్కను దోషిగా నిలబెట్టడం తగదు. నత్రజని కొరవడిన చిత్తడి నేలల్లో పుట్టిన దానికి పురుగును పట్టడం స్వభావమే తప్ప సంకల్పం కాదు. సంకల్పం ఉన్నది పెంచేవారికే.

ఫ్లైట్రాప్ ఆకును దగ్గరగా గమనిస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. రెండు రెక్కల లోపలి ముఖాల మీద సాధారణంగా మూడేసి సన్నని వెంట్రుకలుంటాయి. ఒకసారి తాకితే ఆకు కదలదు, సుమారు 20 సెకన్ల లోపు మరోసారి తాకితే రెప్పపాటులో మూసుకుంటుంది, లోపల చిక్కిన ప్రాణి పెనుగులాడుతుంటేనే జీర్ణరసాలు బాగా ఊరతాయి. చచ్చిన పురుగును పెట్టేవారు మూసుకున్న ఆకును పైనుంచి మెల్లగా నొక్కుతూ ఆ పెనుగులాటను అనుకరించవలసి వస్తుంది. ఇంత పూనికతో చేసే పనిని జైనులు చెప్పే నాలుగు విధాల హింసలలో, ఇంటిపనుల్లో తప్పనిసరిగా జరిగే ఆరంభి హింస కింద జమకట్టడం కష్టం. అది బుద్ధిపూర్వకమైన సంకల్పి హింసకే దగ్గర.

ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం హింసను నిర్వచించేటప్పుడు ప్రాణం తీయడంతోపాటు ప్రమాదాన్ని, అంటే ఏమరుపాటును, ముఖ్యలక్షణంగా చేర్చింది. మందు సోకిన ఈగను మొక్కకు పెట్టడంలో జరిగే తప్పు సరిగ్గా ఇదే. ఈగ ప్రాణం పోవడం వేరొకరి చేతిలో జరిగినా, దాని ఒంటిమీది మలాథియాన్‌ను గానీ పైరెత్రాయిడ్‌ను గానీ ఆకులోకి చేర్చేది పెంచేవారి ఏమరుపాటే. కీటకనాశనులు తగిలిన కీటకాహార మొక్కల మనుగడ, వల పన్నే శక్తి రెండూ దెబ్బతినగలవని ప్రయోగాలు చూపాయి. అడవిలో నెపంథిస్ కూజాల నీటిలో కొన్ని జాతుల దోమల లార్వాలు చావకుండా బతుకుతాయన్నది ఇక్కడ తలచుకోదగిన సంగతి. ఆ కూజాలో పడే విషం మొక్కతో ఆగదు.

మొక్క ఆకలితో చస్తుందేమోనన్న జాలి కూడా ఈ ఏమరుపాటుకు కారణమవుతుంది. నిజానికి అన్ని పచ్చని మొక్కల వలె ఇదీ సూర్యరశ్మితో తన పిండిపదార్థాన్ని తానే తయారు చేసుకుంటుంది. పురుగుల నుంచి అది పొందేది ప్రధానంగా నత్రజని, భాస్వరం. అందుకే నెలల తరబడి పురుగు దొరకకపోయినా ఎదుగుదల మందగిస్తుందే గాని ప్రాణం పోదు. అక్వేరియం దుకాణాల్లో దొరికే ఎండు పురుగులను నానబెట్టి పెడితే విషభయం తప్పుతుంది గాని, అవీ ఒకప్పటి ప్రాణులే కనుక హింసాప్రశ్న తీరదు.

కాబట్టి మొక్క తనంతట తాను పట్టుకున్నదానితో తృప్తి పడనివ్వడమే ధర్మానికి దగ్గరి మార్గం. పొగబండి వచ్చేముందు కుండీని లోపల పెట్టి, వాసన పూర్తిగా పోయాక బయట పెట్టాలి. ఆ తరువాత కొన్నాళ్లపాటు పరిసరాల్లో పడి ఉన్న ఏ పురుగునూ దానికి అందించకూడదు. ఎండ, వాననీరు చాలినంత ఉంటే మొక్క ఆ రోజులను ఇబ్బంది లేకుండా గడుపుతుంది.