మూలనపడిన బ్రేకు

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు మా విచారణ కారును గురుగృహం పక్కన వేపచెట్టు కింద నిలిపాను. జూన్ 8 నుంచి ప్రార్థనాలయాలు తెరుచుకోవచ్చని అనుమతి వచ్చేదాకా అది అక్కడే ఉంది. ఆ ఏడు ఏప్రిల్‌లో కర్నూలు జిల్లా ఎలా ఉండిందో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. తొలకరి జల్లు పడిన మర్నాడు ఒక ఉపగ్రామానికి బలిపూజ కోసం బయలుదేరాను. గేటు దగ్గర బ్రేకు తొక్కగానే, రేకు మీద రాయిపెట్టి గీకినట్టు చక్రాల్లోంచి చప్పుడు. పక్కన కూర్చున్న ఉపదేశిగారు సిలువ గుర్తు వేసుకున్నారు.

మెకానిక్ భాయ్ చక్రం ఊడదీసి చూపించాడు. ముందు చక్రాలలోని డిస్కు పోత ఇనుముది. ప్యాడ్లు రాసుకునే చోట రంగు వేయడానికి వీల్లేదు. అందువల్ల తేమ తగిలితే ఒక్క రాత్రిలోనే పైన తుప్పు పొర లేస్తుంది. "రోజూ తిరిగే బండికి కూడా వస్తుంది ఫాదర్. పొద్దున్నే నాలుగుసార్లు బ్రేకు తొక్కితే ప్యాడ్లే దాన్ని తుడిచేస్తాయి. మీ బండికి ఇన్నాళ్ళూ తుడిచేవాళ్ళు లేరు, అంతే" అన్నాడు. మెల్లగా నడుపుతూ మాటిమాటికి బ్రేకు వేయమన్నాడు. ఈసారి ఎక్కువ రోజులు నిలపాల్సివస్తే హ్యాండ్‌బ్రేకు లాగి వదిలేయవద్దనీ, వెనక చక్రాల లైనింగు డ్రమ్ముకు పట్టుకుపోతుందనీ, బండిని గేరులో పెట్టి చక్రాల కింద రాళ్ళు పెట్టమనీ చెప్పాడు. ఇది కార్లున్న పాఠకులకు పనికొచ్చే మాట.

తుడిచేవాళ్ళు లేరన్న మాట నన్ను ముప్పయ్యేళ్ళు వెనక్కి, గురువిద్యాలయంలోని తత్వశాస్త్ర తరగతికి తీసుకుపోయింది. పునీత తోమాస్ అక్వినాస్ తన 'సుమ్మా'లో, రెండవ భాగపు మొదటి విభాగం 53వ ప్రశ్నలో, ఒక సందేహం లేవనెత్తుతాడు. ఒక సుగుణం కేవలం ఆచరించకపోవడం వల్లనే క్షీణిస్తుందా? ఏమీ చేయకపోవడం అనేది ఒక పని కాదుగదా, అది దేన్నయినా ఎట్లా పాడుచేయగలదు? ఆయన జవాబు మా మెకానిక్ జవాబే. మానివేయడం నేరుగా పాడుచేయదు. కానీ సుగుణానికి విరుద్ధమైన కోరికలు, ఉద్రేకాలు మనలో నిత్యం పుడుతూనే ఉంటాయి. సుగుణాన్ని ఆచరించినప్పుడల్లా అవి తుడుచుకుపోతాయి. ఆచరణ ఆగితే తుడుపు ఆగుతుంది, పుట్టడం మాత్రం ఆగదు. మాటామంతీ లేక తెగిపోయిన స్నేహాలు ఎన్నో అని అరిస్టాటిల్ చెప్పినదాన్ని కూడా ఆయన అక్కడ గుర్తుచేస్తాడు. పలకరింపులు మానిన అన్నదమ్ముల ఇళ్ళు మన పల్లెల్లో ఎన్ని లేవు! వాళ్ళలో చాలామంది ఏనాడూ కొట్లాడుకున్నవాళ్ళు కారు.

"నేనేం తప్పు చేయలేదు సామీ, ఊరికే గుడికి రావడం మానుకున్నా" అనేవారు ఆ ఏడాది తర్వాత నాకు చాలామంది ఎదురయ్యారు. పాపసంకీర్తనంలో కాదు, వీధిలోనే, వసారాలోనే అన్న మాటలివి. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. అయితే నన్ను ఎక్కువ బాధపెట్టినవారు, తిరిగివచ్చి మళ్ళీ మానేసినవారు. "జపమాల పట్టుకుంటే మనసు నిలవడం లేదు, వేషం కట్టినట్టుంది" అని ఆగిపోతారు. ఆ చప్పుడును చూసి బ్రేకే చెడిపోయిందనుకుంటారు. తుప్పు రాలేటప్పుడు చప్పుడు కాక ఏమవుతుంది?

అట్లాగని ప్రతి చప్పుడూ తుప్పుదే అనుకుంటే అది మరో పొరపాటు. కొన్ని ప్యాడ్లకు చిన్న ఉక్కు రేకు ఒకటి అమర్చి ఉంటుంది. ప్యాడు అరిగి పలచబడినప్పుడు అది డిస్కుకు తగిలి కీచుమంటుంది. కావాలనే అట్లా చేస్తారు. నాలుగు రోజులు నడిపినా చప్పుడు పోలేదంటే షెడ్డుకు పోవలసిందే. ఆ బండితో రాయచోటి నుంచి గువ్వలచెరువు ఘాటు దిగి కడపకు రావాలనుకునేవారిని పాలకోవా ఆశ చూపించినా ఎక్కించుకోవద్దు! అంతరాత్మ చప్పుడు కూడా రెండు రకాలు. ఏది ఏ రకమో నిలబడిన బండిలో తెలియదు, నడిపితేనే తెలుస్తుంది. ఇనుముకు మనసు లేదు గనుక ఈ పోలికను ఇంకా సాగదీయను. నా సంగతి ఒకటి చెప్పాలి.

ఆ రెండున్నర నెలలూ ఒంటరిగా పూజ చేసుకుంటూ, ఎవరినీ కసురుకోకుండా గడిపాను. నాకు ఓర్పు అబ్బిందని లోలోపల దేవునికి కృతజ్ఞతలు కూడా చెప్పుకున్నాను. నిలబడిన బండి బ్రేకు ఎప్పుడు చప్పుడు చేసింది గనుక! తలుపులు తెరిచిన మొదటి ఆదివారమే ఒక అవ్వ ఎప్పటిలాగే మరియమాత స్వరూపం పాదాలు ముట్టుకోబోయింది. స్వరూపాలను తాకరాదని ప్రభుత్వ నిబంధన. అందరి ముందూ గట్టిగా కేకవేశాను. ఆమె చేయి వెనక్కి తీసుకొని బయటికి వెళ్ళిపోయింది. మరి రెండు ఆదివారాలు కనిపించలేదు.

వాళ్ళ ఇంటికి వెళ్ళాను. నన్ను క్షమించమ్మా అన్నాను, కానీ ఆ ఊపిరిలోనే "నిబంధనలు నేను పెట్టినవి కావు గదా" అని కూడా అన్నాను. ఆమె తలూపి ఊరుకుంది. వెనక్కి వస్తుంటే తెలిసింది, నేను అడిగింది క్షమాపణ కాదు, సంజాయిషీ చెప్పుకున్నానని. మళ్ళీ గురువారం వెళ్ళాను. ఈసారి నిబంధనల మాట ఎత్తలేదు. ఏం మాట్లాడాలో తోచక చాలాసేపు అరుగు మీద కూర్చున్నాను.

అవ్వ చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "మొన్న నీ బండి వీధి మొదట్నుంచే గోల చేసె. ఈ పొద్దు సప్పుడే లేదే సామీ" అంది. ఆదివారం వస్తానని మాత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు.