విజ్ఞానశాస్త్ర యుగమున తత్త్వచింతన

1969 లో మానవుడు చంద్రునిపై కాలు మోపెను. ఇట్టి యుగమున తత్త్వశాస్త్రముతో పని యేమని విద్యావంతులు కొందరు ప్రశ్నింతురు. ఈ ప్రశ్నను త్రోసిపుచ్చరాదు. గ్రహణములకు, వ్యాధులకు, వర్షములకు కారణముల నూహించి చెప్పుటయే తత్త్వమైనచో, ఆ పని నేడు విజ్ఞానశాస్త్రమునకు చెందినది. పరీక్షకు నిలువని ఊహను పట్టుకొని వ్రేలాడుట తత్త్వజ్ఞుని లక్షణము కాదు.

అయినను విజ్ఞానమునకు అందని దొకటి మిగిలియున్నది. చోడవరము ప్రాంతమున, బుచ్చయ్యపేట చుట్టుపట్ల, బెల్లము వండు రైతును తలచుకొందము. పెనములో చెరకురసము మరుగుచుండగా సున్నము వేసి మడ్డి తీయుట పాత పద్ధతి. హైడ్రోస్ అను రసాయనమును కలిపినచో బెల్లము పసుపువన్నె తేలి అంగడిలో మెరయును. కొన్నాళ్లకు ఆ వన్నె తరుగును. గంధకపు అంశము మాత్రము బెల్లములో మిగులును. ఎంత కలిపిన నేమి జరుగునో విజ్ఞానము చెప్పగలదు. కొనువాని కంటికి నచ్చుటకై తినువాని కడుపునకు తగని దానిని కలుపవచ్చునా యను ప్రశ్నకు మాత్రము ఏ ప్రయోగశాలయు ఉత్తర మీయజాలదు.

"పరిమితిని చట్టము నిర్ణయించును గదా, తత్త్వ మెందులకు?" అని ఒకరనవచ్చును. చట్టము అవసరమే. కాని ఎంత కీడును సహింపవచ్చునో, ఎవరి మేలును ముందు చూడవలెనో యోచింపక ఆ పరిమితి ఏర్పడదు. అంతేకాక, అర్ధరాత్రి పొయ్యియొద్ద అధికారి యుండడు. అంతఃకరణ మొక్కటియే యుండును.

ఈ రెండు విద్యలకు వైరము లేదనుటకు విశాఖపట్టణమే సాక్షి. తత్త్వవేత్తయైన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షుడై యుండెను. జయపుర మహారాజు విక్రమదేవవర్మ విరాళముతో వాల్తేరున విజ్ఞాన కళాశాల వెలసినది ఆ కాలముననే. విజ్ఞానము మతమునకు విసరిన సవాలును చర్చించిన ఆయన గ్రంథము 1932 లో వెలువడినది. ప్రయోగశాలను చూచి ఆ తత్త్వవేత్త భయపడలేదు. దానికి చోటు కల్పించెను.

ప్రయోగమున తేలినదే సత్యము, తక్కినది అసత్యమనువారు ఒక సంగతి మరతురు. ఆ మాటయే ఏ ప్రయోగమునను తేలినది కాదు; అదియును ఒక తత్త్వమే. తత్త్వమును విడిచితి మనుకొన్నవారు విచారింపని తత్త్వమునకు లోబడుచున్నారు.

పండ్రెండవ శతాబ్దిని బసవేశ్వరుని అనుచరులు కాయకమునే పూజగా భావించిరి. అట్లైనచో పెనములో పడునది పూజాద్రవ్యము వంటిదే. అయితే ఈ నీతిని రైతు కొక్కనికే బోధించుట సులభము, అన్యాయము కూడ. నల్లబెల్లమునకు ధర తగ్గించి, మెరయుదానికి పెంచునది కొనువాడే. రైతును కల్తీకి పురికొల్పి, పిమ్మట నతనిని నిందించుట ధర్మ మెట్లగును? ఇంటికి బెల్లము కొనితెచ్చు గృహస్థుడు రంగును గాక శుద్ధిని చూచి, దానికి తగిన వెల నిచ్చిననాడు, తత్త్వచింతన అతని వంటయింటనే ఫలించినట్లు.