చెప్పి పొమ్మను బిడ్డా

బిడ్డా, బాబు రాత్రిపూట పండుకోవట్లేదని, ఇరుగుపొరుగు తలా ఒక మాట అంటున్నారని ఫోన్‌లో దిగులుపడ్డావు. పిల్లవాడు నడిరాత్రి లేవడం నీ పెంపకంలో లోపం కాదు. ఏ పసివాడైనా రాత్రిలో కొన్నిసార్లు కళ్లు తెరుస్తాడు. అమ్మానాన్న ఉన్నారన్న ధీమా ఉంటే మళ్లీ మూస్తాడు. ఆ ధీమా లేకపోతే లేచి వెతుక్కుంటాడు.

అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో డగ్లస్ టెటీ బృందం ఇళ్లలో కెమెరాలు పెట్టి, తల్లులు పిల్లల్ని నిద్రపుచ్చే తీరు గమనించింది. ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. కథ చెప్పారా, ఎంతసేపు పక్కన ఉన్నారు అన్నదానికంటే, ఆ వేళ తల్లి మనసు పిల్లవాడి మీద ఉందా, వాడి సణుగుడుకు మెత్తగా పలికిందా అన్నదే నిద్రతో ఎక్కువ ముడిపడి కనిపించింది. ఒక చేత్తో జోకొడుతూ ఇంకో చేత్తో సెల్లు చూస్తే, జోకొట్టే చెయ్యి మధ్యమధ్య ఆగిపోతుంది. వాడు చటుక్కున తల ఎత్తి నీ మొహంలోకి చూసేది అప్పుడే.

మీ ఇంట్లో ఇంకో సంగతి ఉంది. సికింద్రాబాద్, బల్లార్షా, విజయవాడ లైన్లు కలిసే కాజీపేటలో లోకో పైలట్ ఇంటికి రాత్రీ పగలూ ఒకటే. ఏ వేళ డ్యూటీ కాల్ వస్తుందో తెలియదు. పిల్లవాడు ఏడుస్తాడని, వాడు నిద్రపోయాక తండ్రి బూట్లు చేత పట్టుకొని చప్పుడు లేకుండా తలుపు దాటడం ఈ రైల్వే క్వార్టర్లలో మామూలే. ఆ పూటకు ఏడుపు తప్పుతుంది. కానీ వాడు లేచేసరికి నాన్న ఉండడు. కళ్లు మూస్తే మనిషి మాయమవుతాడని తెలిసినవాడు కళ్లెందుకు మూస్తాడు?

ఏడ్చినా సరే, చెప్పి పొమ్మను. "నాన్న బండి నడపనీకి పోతుండు, పని అయినంక మళ్ల వస్తడు" అంటే చాలు. అర్ధరాత్రి కాల్ వచ్చేటట్టుంటే పండుకునే ముందే చెప్పండి. వచ్చే వేళ ఖాయం కాకపోతే రేపే వస్తానని మాటివ్వొద్దు. డ్యూటీ మధ్య పండుకునే రన్నింగ్ రూమ్ నుంచి ఫోన్‌లో గొంతు వినిపించమను.

బూచోడు వస్తాడని మాత్రం ఎప్పుడూ బెదిరించకు. మీ ఇద్దరి వాదులాటలు వాడి నిద్రవేళకు తేవద్దు. తల్లిదండ్రుల గొడవలు పిల్లల నిద్రను చెడగొడతాయని పరిశోధనల్లోనూ తేలింది. రెండో ఏడు నడుస్తున్న పిల్లవాడికి పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజూ గురక పెట్టినా, నోటితో ఊపిరి తీసినా, చెవి పట్టుకొని ఏడ్చినా పిల్లల డాక్టరుకు చూపించు. అది లాలనతో తీరేది కాదు.

నీకు ఓపిక అయిపోయిన రాత్రి బాబును మీ అత్తమ్మకు అప్పగించి నువ్వు పండుకో, అందులో తప్పేమీ లేదు. అల్లుడితో ఈరోజే మాట్లాడు, కొడుక్కు చెప్పకుండా ఇక డ్యూటీకి పోవద్దని.