తలిదండ్రులకు వేరిల్లు – ధర్మమా, దూరమా?

గృహస్థాశ్రమము తక్కిన ఆశ్రమములన్నింటికిని ఆధారమని ధర్మశాస్త్రములు చెప్పుచున్నవి. బ్రహ్మచారికి భిక్ష, అతిథికి అన్నము, సన్న్యాసికి ఆశ్రయము గృహస్థుని గడపలోనే లభించును. అయితే ఆ గడపలోనికి రమ్మని ఎవరును పిలువవలసిన అవసరము లేనివారు ఇద్దరున్నారు. వారు తల్లియు, తండ్రియు. ఏలయన ఆ గడపను నిలిపినవారు వారే. అట్టి తలిదండ్రులకు అదే ఆవరణలో వేరొక చిన్న ఇల్లు కట్టియిచ్చుట ధర్మమగునా? లేక అది మర్యాదగా చేసిన వెలివేతయా? ఈ ప్రశ్న నేడు పట్టణములలోనే కాక పల్లెలలో సైతము తలయెత్తినది.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ సీమలో, తిమ్మప్పగా భక్తులు కొలుచు శ్రీ లక్ష్మీవేంకటేశ్వరస్వామి వెలసిన మల్దకల్ పరిసరములనే తీసికొనవచ్చును. ఒకప్పుడు ఈ ప్రాంతమున మట్టిమిద్దెలే ఎక్కువ. ఇంటిముందు అరుగు, వెనుక దొడ్డి. వృద్ధుని స్థానము అరుగు మీద. ఇంటికి వచ్చువారు, పోవువారు అతనిని పలుకరింపక లోనికి అడుగుపెట్టుట లేదు. విత్తనము మొదలు వియ్యము వరకు ప్రతి మాటయు అతని చెవిని బడియే సాగెడిది. నేడు మిద్దెల స్థానమున స్లాబు ఇండ్లు లేచినవి. అరుగు పోయినది, గేటు వచ్చినది. మెట్లు పెరిగినవి, నేల నునుపెక్కినది. పెద్దలకు స్థానమేదియన్న ప్రశ్న వచ్చినప్పుడు, కొందరు పాత మిద్దెలో ఒక భాగమును పడగొట్టక వారి కొఱకు నిలిపిరి. కొందరు ప్రహరీగోడ నానుకొని ఒక గది కట్టిరి. మరికొందరు నాలుగు రేకులు కప్పి చేతులు దులుపుకొనిరి.

ఈ మూడును ఒక్కటి కావు. కావున వేరిల్లనగానే నిందించుటయు తగదు, మెచ్చుకొనుటయు తగదు. ముందుగా దానికి అనుకూలముగా చెప్పదగిన మాటలను వినవలెను.

వృద్ధాప్యమునకు దాని వేళలు దానికున్నవి. తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చును. రాత్రి ఎనిమిదింటికే కన్ను మూతపడును. ఇంటిలోని చదువుల దీపములు, టీవీ చప్పుళ్లు, పసివాండ్ర యేడుపులు ఆ వేళలను గౌరవింపవు. వృద్ధుని దగ్గు ఇతరుల నిద్రకు, ఇతరుల సందడి వృద్ధుని నిద్రకు శత్రువులగును. పగలంతయు ఒకే వంటింటిలో మెలగవలసిన అత్తాకోడండ్ర సంగతి చెప్పనక్కరలేదు. ఎడమైన కొద్దీ ప్రేమ పెరుగునని పెద్దలే అందురు. మెట్లు లేని గది, దగ్గరగా స్నానపు గది, తన పెట్టె, తన దేవుని పటము, తన తులసికోట ఉన్న చిన్న ఇంటిలో ఒక తల్లి ఆత్మగౌరవముతో కాలము గడుపగలిగిన, అందు దోషమేమి?

అంతేకాదు. తెలుగునాట చాల యిండ్లలో వంతుల పద్ధతి యొకటి పాతుకొన్నది. ఒక నెల పెద్దకొడుకు ఇంట, ఒక నెల చిన్నకొడుకు ఇంట. ముప్పదియొక దినముల నెల ఎవరి వంతునకు వచ్చినదని లెక్కలు చూచుకొను సోదరులును లేకపోలేదు. తండ్రి యొక కొడుకు వద్ద, తల్లి యొక కొడుకు వద్ద ఉండి, ఏబది సంవత్సరముల దాంపత్యము చివర రెండు వాకిళ్లుగా చీలిపోవుటయు కలదు. చేతిసంచితో గడపగడపకును మారు ఆ బ్రతుకుకంటె, ఇద్దరును కలిసియుండు ఒక్క గది వేయిరెట్లు మేలు.

ఇక ఆక్షేపణ. వేరిల్లు కట్టిన నాటి ప్రేమ కట్టిన నాడే ఉండును. మొదట భోజనము పళ్లెములో వచ్చును. తరువాత గిన్నెలో వచ్చును. ఆ తరువాత బియ్యమే వచ్చును. ‘మీకు అనుకూలమైనట్లు వండుకొనుడు’ అను మాటలో మర్యాద యున్నది గాని మనసు లేదు. ఒకే కప్పు క్రింద నున్నవారి మూలుగు వినబడును. గోడ అవతలి మూలుగు వినబడదు. ఈ భయము నిరాధారమైనది కాదు.

అయినను ఒకే కప్పు క్రింద నుండుటయే సేవకు ప్రమాణమా? మహాభారతమున ఆశ్రమవాసపర్వము ఈ ప్రశ్నకు సమాధానమిచ్చుచున్నది. యుద్ధానంతరము ధృతరాష్ట్రుడు పదునైదు సంవత్సరములు హస్తినాపురముననే యుండెను. ధర్మరాజు అతనిని తండ్రివలెనే కొలిచెను. రాజోచితమైన శయ్య, ఆహారము, దానధర్మములకు ధనము, దేనికిని లోటు రానీయలేదు. కాని భీముడు అన్నకు తెలియకుండ ఆ వృద్ధుని చెవిని బడునట్లు, అతని కుమారులను చంపిన తన బాహువులను పొగడుకొనెడివాడు. ఆ మాటలే ధృతరాష్ట్రుని హృదయమును కోసి, అడవికి పోవు నిశ్చయమును కలిగించినవి. రాజభవనమంత విశాలమైన కప్పు ఒక్క మాట వలన చిల్లిపడినది. కావున దూరమును కొలువవలసినది గోడతో కాదు, మాటతో.

ఆ పర్వముననే మరియొక విశేషము కలదు. కుంతి తన కుమారులు రాజ్యమేలుచుండగా, వారు కన్నీటితో వారించుచుండగా, తానుగా కోరి ధృతరాష్ట్రుని, గాంధారిని అనుసరించి అరణ్యమునకు పోయినది. ఆమెను ఎవరును పంపలేదు. వానప్రస్థమునకు ప్రాణమిదియే: పెద్దలు తామై కోరి విడిగా నుండుట. కొడుకు నిర్ణయించి తల్లికి తెలియజేసినచో అది వానప్రస్థము కాదు, తరలింపు మాత్రమే. గది యొక్కటే, గోడలు ఒక్కటే. కాని ‘నాకొక గది కట్టించుము నాయనా’ అని తల్లి అడిగినదా, ‘నీకొక గది కట్టితిమి’ అని కొడుకు చెప్పినాడా అనుదానిపై దాని పేరు మారిపోవును.

ఇతర దేశములును ఈ సమస్యను ఎదుర్కొన్నవే. జర్మనీ, ఆస్ట్రియా దేశముల పల్లెలలో, వ్యవసాయమును కుమారునకు అప్పగించిన వృద్ధ రైతు ప్రక్కనే చిన్న ఇంటిలో నివసించు ఆచారము శతాబ్దములుగా నుండెను. దానిని ఆల్టెన్‌టైల్ అందురు. నార్వే దేశపు పొలములలోను పెద్దలకొఱకు ఇట్టి వేరిండ్లు కలవు. జపానులో ఇంటి బాధ్యతను వారసునకు ఒప్పగించి తొలగుటను ఇన్‌క్యో అందురు; అట్టివారు పెద్ద ఇంటి ప్రక్క చిన్న ఇంటిలో నుండుట కలదు. తెలుగువారు పెక్కుమంది స్థిరపడిన కాలిఫోర్నియాలో, ఒకే స్థలమున పెద్ద ఇంటికి తోడు చిన్న ఇల్లు కట్టుకొనుటకు అడ్డులను సడలించు చట్టములు 2017 నుండి అమలులోనికి వచ్చినవి.

జర్మను రైతుల పద్ధతిలో గమనింపదగినది యొకటి కలదు. వారు పొలము నిచ్చునపుడే వృద్ధులకు ఏటేట ఎంత ధాన్యము, ఎన్ని పాలు, ఎంత వంటచెఱకు ఇయ్యవలెనో వ్రాసికొనెడివారు. కన్నకొడుకుతో కాగితమేమని ఇచ్చట చాలమంది నొచ్చుకొందురు. కాని దేవుని ఎదుట పూజకు కూర్చుండినవాడు సైతము దేశమును, కాలమును, తన గోత్రనామములను చెప్పి సంకల్పము చేయుచున్నాడు గదా! భగవంతునకు తెలియదని కాదు; పలికిన మాట పలికినవానిని కట్టివేయవలెనని. భక్తికి లోపము చేయని సంకల్పము ప్రేమకు మాత్రము లోపము చేయునా?

ఈ జాగ్రత్త చట్టరీత్యాను అవసరమే. తలిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమములకై 2007లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. దాని 23వ సెక్షను ననుసరించి, తమ కనీసావసరములను చూడవలెనను నియమముతో వృద్ధులు ఆస్తిని వ్రాసియిచ్చినపుడు, తీసికొన్నవాడు మాట తప్పినచో, ట్రిబ్యునలు ఆ బదిలీని రద్దు చేయవచ్చును. ఆ నియమము లేనిచో ఈ సెక్షను వర్తింపదని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పినది. ఈ చట్టమును వృద్ధుల మేలునకు అనుకూలముగా ఉదారదృష్టితో అన్వయింపవలెనని 2025 జనవరిలో మరియొక తీర్పున చెప్పి, ఒక తల్లి కుమారునకు వ్రాసిన దానపత్రమును రద్దుపరచినది. చట్టము మాట యట్లుండగా, పుణ్యము మాటయు ఇదియే: ఇచ్చువారు నియమమును వ్రాయించుట అవిశ్వాసము కాదు, తీసికొనువాడు దానిని తానే వ్రాయింపగోరుట ఉత్తమ పుత్రుని లక్షణము.

అయితే పాలమూరు సీమలో ఈ ప్రశ్నకు మరింత కఠినమైన ముఖమొకటి కలదు. వానలు లేక, నీరు లేక, తరతరములుగా ఇచ్చటి కూలీలు ఆనకట్టలు కట్టుటకు, నగరములు నిర్మించుటకు దూరదేశములకు వలసపోయిరి. ఊరిలో ముసలివారు మాత్రమే మిగిలిన ఇండ్లెన్నియో! పెద్ద ఇంటికి తాళము వేసియుండగా, ప్రక్క గదిలో వృద్ధురాలు ఒంటరిగా నున్నచో, ఆ గది దేని ప్రక్కనున్నట్లు? ఆసరా పింఛను 2019లో 2,016 రూపాయలకు పెరిగి బియ్యమునకు, మందులకు కొంత ఊతమైనది. కాని రాత్రి జ్వరము వచ్చినపుడు నీళ్లందించు చేయి పింఛనులో రాదు. వలసపోయిన కొడుకును నిందించుట తేలిక. ఆకలి వానిని పంపినది. అశక్తుని నుండి ధర్మము అశక్యమును కోరదు. కోరునది ఇంతమాత్రమే: పొరుగువారికి ఒప్పగించి పోవుట, దినమున కొకసారి ఫోనులో గొంతు వినిపించుట, ఊరికి వచ్చినపుడు బంధువుల యిండ్లకంటె ముందు ఆ గది తలుపు తట్టుట. తక్కిన భారము ఊరిది. ప్రక్కింటి ముసలమ్మ పొయ్యి రాజినదా లేదా అని చూచుట పొరుగువారి ధర్మము.

దగ్గర నున్నవారికి మాత్రము పరీక్ష వేరు. వైష్ణవాలయములలో సాధారణముగా అమ్మవారికి వేరు సన్నిధి యుండును. దానిని ఎవరును వెలివేత యనరు. ఏలయన ప్రాకారమొకటే, ప్రసాదము వండు మడపల్లి యొకటే, స్వామికి దీపము వెలిగిన వేళ అమ్మకును వెలుగును, ఉత్సవమునాడు ఉభయులును కలిసి ఊరేగుదురు. పెద్దల వేరిల్లును ఇట్లే యుండవలెను. పొయ్యి యొక్కటిగా నుండవలెను. ఏ పండుగకు వండిన పిండివంటయైనను మొదట ఆ గదికి పోవలెను. గడియ లోపలనుండి వేసికొనుటకు పెద్దలకు అధికారముండవలెను. బయటనుండి వేయుటకు ఎవరికిని ఉండరాదు. రాత్రి పిలిచిన పిలుపు పెద్ద ఇంటికి వినబడవలెను. పెండ్లి మాటలకు, పొలము మాటలకు వారు పీట మీద నుండవలెను. వైశాఖపు ఎండలో రేకుల గది కొలిమివలె కాగును. కొడుకు తాను పగలంతయు పరుండలేని గదిలో తల్లిని పరుండబెట్టరాదు.

పెద్దలకును ధర్మము కలదు. వేరిల్లు కోరి తీసికొన్నవారు పెద్ద ఇంటి తాళపుచెవులను మనసులో దాచుకొనరాదు. కోడలి వంటను కిటికీలోనుండి విమర్శించుట వానప్రస్థము కాదు. అడిగినపుడు చెప్పుట, అడుగనపుడు ఆశీర్వదించుట వారి వంతు.

గద్వాల చీరయందు ఒడలు నూలుది, అంచు పట్టుది. రెండును వేరు వేరు దారములు. ఆ చీర ప్రతిష్ఠ అంతయు ఆ రెండును కలియు జోడింపులో నున్నది. అచ్చట నేత వదులైన, నూలు ఎంత మంచిదైనను, పట్టు ఎంత విలువైనదైనను చీర నిలువదు. రెండిండ్ల కుటుంబమును అట్టిదే. ఆ జోడింపు నేయువారు సాధారణముగా మనుమలు. తల్లి గదికి దినమునకు ఎన్నిసార్లు పోవలెనని కొడుకు లెక్కించుకొనుచుండగా, బిడ్డలు లెక్కలేకుండ పరుగెత్తుచుందురు. రెండు గడపల నడుమ వారి పాదములతో పడిన దారిలో గడ్డి మొలవకున్నంత కాలము ఆ ఇల్లు ఒక్కటే ఇల్లు. గడ్డి మొలచిననాడు, ఆ గది ఎంత సొంపుగా కట్టినదైనను, ఆ గృహస్థుడు తన ధర్మమును తాను విచారించుకొనవలసిన దినము వచ్చినదని గ్రహించునుగాక.